మందుల నాణ్యతను చేతికందిన స్ట్రిప్పుతో తేల్చకండి: ఔషధ నియంత్రణ అధికారులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులకు, ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనే సంస్థల బాధ్యులకు, మందుల కంపెనీల నాణ్యతా విభాగాల్లో పనిచేస్తున్న నా తోటివారికి,

విషయం: మందుల నమూనాల సేకరణలోనూ, ఫలితాల ప్రకటనలోనూ గణాంక పద్ధతులను పాటించవలసిందిగా విజ్ఞప్తి.

అయ్యా, అమ్మా,

నేను 31 ఏళ్లు హైదరాబాద్ చుట్టుపక్కల మందుబిళ్లల కర్మాగారాల్లో, మొదట క్యూసీ ల్యాబులో (మందులను పరీక్షించే చోట), తరువాత తయారీ జరిగే చోటే నాణ్యత చూసే విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. ఇదే విషయం మీద గత 14 నెలల్లో రెండు వినతిపత్రాలు పంపాను. మొదటిదానికి రసీదు సంఖ్య వచ్చింది, రెండోదానికి అదీ రాలేదు. మీ పనిభారం, సిబ్బంది కొరత నాకు తెలియనివి కావు. ఇన్‌స్పెక్టర్లు ఎన్ని ఊళ్లు తిరుగుతారో, ల్యాబుల్లో ఎన్ని నమూనాలు పేరుకుంటాయో కళ్లారా చూశాను. అయినా ఇది ఫైలులో ఉండిపోవలసిన విషయం కాదు కాబట్టి అందరూ చదివేలా రాస్తున్నాను.

మా అక్కకు 68 ఏళ్లు. ఊళ్లోనే ఉంటుంది. నెలనెలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే బీపీ బిళ్లలే వేసుకుంటుంది. పోయిన ఏడాది ఎండాకాలంలో నేను ఊరు వెళ్లినప్పుడు ఒక స్ట్రిప్పు తెచ్చి నా చేతిలో పెట్టి, "తమ్ముడూ, ఈ బిళ్లలు తీస్తుంటేనే పొడైపోతున్నాయి, వేసుకోమంటావా?" అని అడిగింది. బొటనవేలితో ఒత్తి చూశాను. బిళ్ల బయటికి రాకుండా లోపలే రెండు ముక్కలైంది, అంచులు రాలి రేకులో పిండిలా మిగిలింది. స్ట్రిప్పు మీద గడువు తేదీకి ఇంకా 11 నెలలు ఉంది. అప్పటికి నాలుగు నెలలుగా ఆమె బీపీ అదుపులోకి రావడం లేదు. డాక్టరుగారు మోతాదు పెంచారు. ఆ బిళ్లల వల్లే తగ్గలేదని నేను అనను, అలా అనడానికి నా దగ్గర పరీక్ష ఫలితం లేదు. బ్యాచ్ నంబరు రాసి ఫిర్యాదు పంపాను. కొన్నాళ్లకు ఫోనులో వచ్చిన జవాబు ఒక్కటే: "ఆ బ్యాచ్ శాంపిల్ పాసైంది." ఆ శాంపిల్ ఎక్కడ తీశారు, ఎన్ని స్ట్రిప్పులు తీశారు, గోదాములో చల్లగా ఉన్న పెట్టెలోంచి తీశారా, రేకుల కప్పు కింద మూడు నెలలు ఎండకు ఉడికిన గదిలోంచి తీశారా అని అడిగాను. జవాబు చెప్పగలిగినవారు ఆ కార్యాలయంలో ఎవరూ లేరు. దాచాలని కాదు, ఆ వివరం ఎవరూ రాసిపెట్టుకోలేదు.

నేను ఈ లేఖలో అడుగుతున్నదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు చాలంటారు. ఒకే కుండ, ఒకే మంట, బాగా కలియబెట్టిన అన్నం అయినప్పుడు ఆ మాట నిజం. పది లక్షల బిళ్లల బ్యాచ్ అలాంటి కుండ కాదు. అది మెషీన్ మీద ఉన్నప్పుడే గంటగంటకూ మారుతుంది. పెట్టెల్లోకెక్కి లారీల్లో, గోదాముల్లో, ఆరోగ్య కేంద్రాల అలమారాల్లో చేరాక ఒక్కో పెట్టెది ఒక్కో బతుకు. అలాంటి బ్యాచ్‌లో వందకు ఒక బిళ్ల చెడ్డదనుకోండి. అందులోంచి 20 బిళ్లలు తీసి పరీక్షిస్తే, చెడ్డది ఒక్కటీ చేతికి రాకుండా పోయే అవకాశం వందలో 82 సార్లు. వందకు ఐదు చెడ్డవైతే వందలో 36 సార్లు తప్పించుకుంటుంది. పదికి ఒకటి చెడ్డదైనా సరే, వందలో 12 సార్లు ఆ బ్యాచ్ శుభ్రంగా పాసవుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు, కేవలం లెక్క. మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథం భారతీయ ఫార్మకోపియా బరువు తేడా చూడటానికి 20 బిళ్లలు, ఒక్కో బిళ్లలో మందు సమంగా ఉందో లేదో చూడటానికి మొదట 10 బిళ్లలు, నీళ్లలో కరిగే తీరు చూడటానికి మొదటి దశలో 6 బిళ్లలు అడుగుతుంది. అవి చేతిలో ఉన్న నమూనా ప్రమాణానికి నిలబడిందా లేదా అని చెప్పే పరీక్షలు. మిగిలిన 9 లక్షల 99 వేల చిల్లర బిళ్లలకు అవి హామీ పత్రం కావు. లోపాలు ఒక శాతం లోపే ఉన్నాయని వందకు 95 పాళ్ల నమ్మకంతో చెప్పాలంటే దాదాపు 300 బిళ్లలు పరీక్షించి ఒక్కటీ చెడ్డది లేకుండా చూడాలి. ప్రతి బ్యాచ్‌కూ అలా చేయడం ఏ ల్యాబుకూ సాధ్యం కాదని నాకు తెలుసు. అందుకే ఉన్న కొద్ది నమూనాలను ఎక్కడినుంచి, ఎలా తీస్తున్నామన్నది ఇంత ముఖ్యమవుతుంది.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ నమూనాల సేకరణకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్కో ఇన్‌స్పెక్టరు నెలకు కనీసం 10 నమూనాలు తీయాలని, మారుమూల ప్రాంతాలనూ వదలకూడదని అందులో ఉంది. మంచిదే. కానీ లెక్కకు పది కావాలన్నప్పుడు, ఆ పది ఎక్కడ సులువుగా దొరికితే అక్కడే తీయడం మనిషి సహజం. జిల్లా కేంద్రంలో బస్టాండు పక్కన ఉన్న మెడికల్ షాపు, కౌంటరు మీద ముందు వరుసలో ఉన్న పెట్టె, ఎక్కువగా అమ్ముడుపోయే కంపెనీ బ్రాండు. ఆ పదీ పాసైతే మనకు తెలిసేది బస్టాండు పక్క షాపులో ముందు వరుస బాగుందని మాత్రమే.

నమూనా ఎక్కడినుంచి వచ్చిందన్నదే ప్రాణాల మీదికి వచ్చిన సందర్భం మన కళ్లముందే ఉంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగిన పిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోతుంటే, అప్పటివరకు పరీక్షించిన నమూనాల్లో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనాలు లేవని అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. సరిగ్గా అదే సమయానికి తమిళనాడు అధికారులు కాంచీపురం జిల్లాలోని తయారీ కేంద్రానికి వెళ్లి, అనుమానిత బ్యాచ్ నుంచే నమూనా తీశారు. అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ బయటపడింది. ఉండదగిన పరిమితి 0.1 శాతం. తేడా సీసాను ఎంచుకున్న తీరులో ఉంది. ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఆ బ్యాచ్ వాడవద్దని తెలంగాణలోనూ హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది.

అదే సిరప్పుల విషయంలో ఇంకో అలవాటు గురించి చెప్పాలి. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి ముడి సరుకు డ్రమ్ముల్లో వస్తుంది. ఎన్ని డ్రమ్ములు తెరవాలన్నదానికి మా పరిశ్రమలో తరతరాలుగా వాడుతున్న సూత్రం డ్రమ్ముల సంఖ్యకు వర్గమూలం కట్టి ఒకటి కలపడం. వంద డ్రమ్ములు వస్తే 11 తెరుస్తారు. వందలో ఒక్క డ్రమ్ములో విషం ఉంటే అది దొరికే అవకాశం వందకు 11. అంటే వందకు 89 సార్లు అది సిరప్పు ట్యాంకులోకి వెళ్తుంది. సరుకంతా ఒకే తీరుగా ఉంటుందని ముందే నమ్మకం ఉన్నచోట ఆ సూత్రం పనికొస్తుంది. ఒక్క డ్రమ్ము తప్పినా పిల్లలు చనిపోయే చోట అది పనికిరాదు. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో సిరప్పులు తాగిన దాదాపు 70 మంది పిల్లలు చనిపోయినప్పుడే మనం ఈ అలవాటుకు స్వస్తి చెప్పి ఉండవలసింది.

ఇక తయారీ దగ్గరికి వస్తాను, ఎందుకంటే నాణ్యత నిర్ణయమయ్యేది ల్యాబులో కాదు, అక్కడే. నేను పనిచేసిన ఒకచోట 250 మిల్లీగ్రాముల బిళ్ల చేసేవాళ్లం. ఆ బరువుకు ఫార్మకోపియా ఇచ్చే వెసులుబాటు 5 శాతం, అంటే 237.5 నుంచి 262.5 దాకా. అర గంటకోసారి 20 బిళ్లలు తూచి సగటును చార్టు మీద చుక్కగా పెట్టాలి. ఒక రాత్రి షిఫ్టులో చుక్కలు ఇలా వచ్చాయి: 250.6, 250.9, 251.2, 251.4, 251.9, 252.1, 252.6, 252.8. ఒక్కటీ హద్దు గీత దాటలేదు. ల్యాబుకు పంపితే అన్నీ పాసే. కానీ మెషీన్ నడుపుతున్న కుర్రాడు, పదో తరగతి దాకా చదివినవాడు, చార్టు తెచ్చి నాకు చూపించి "సార్, ఎనిమిదీ నడిమి గీతకు పైనే ఉన్నాయి, ఎక్కుతూనే ఉన్నాయి, ఆపుతున్నా" అన్నాడు. మెషీన్ బాగుంటే వరుసగా ఎనిమిది చుక్కలు పైపక్కనే పడటం 256 సార్లలో ఒక్కసారి జరుగుతుంది. విప్పి చూస్తే డైలోకి (బిళ్ల అచ్చులోకి) పొడి ఎంత పడాలో నిర్ణయించే మర బిగింపు సడలి ఉంది. పది నిమిషాల పని. అతను ఆపకపోయి ఉంటే తెల్లవారేసరికి ఎన్ని వేల బిళ్లలు పారబోయవలసి వచ్చేదో, లేదా ఎన్ని వేల బిళ్లలు సగటులో కలిసి బయటికి వెళ్లిపోయేవో చెప్పలేను.

కంట్రోల్ చార్టు అనే ఆ చార్టును 1924 మేలో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో వాల్టర్ షూహార్ట్ ఒక చిన్న మెమోలో గీసి చూపారు. మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఆహ్వానం మీద ఆయన 1947-48లో మన దేశానికి వచ్చి కర్మాగారాలు తిరిగారు. మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంక సంస్థకు హైదరాబాద్‌లోనే నాణ్యతా నియంత్రణ విభాగం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావుగారు ఆ సంస్థలోనే దశాబ్దాలు పనిచేశారు. ప్రపంచం గణాంక శాస్త్రంలో ఎవరి దగ్గర నేర్చుకుందో వారు మనవారేనని చెప్పడానికే ఇవన్నీ రాస్తున్నాను. అయినా నేను పనిచేసిన ఇంకో కర్మాగారంలో ఏం చూశానో కూడా చెప్పాలి. మరునాడు ఆడిట్ ఉందనగా రాత్రి కూర్చుని మూడు నెలల కంట్రోల్ చార్టులు గీశారు. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, చుక్కలన్నీ నడిమి గీత చుట్టూ ముచ్చటగా సర్దుకుని ఉన్నాయి. వచ్చిన ఆడిటరు ఫైలు ఉందా లేదా అని చూశారు, తెరవలేదు. నేను ఆ రోజు నోరు విప్పలేదు. ఆ బాధ్యత నాది కూడా.

ఈ పద్ధతి లేకపోవడం వల్ల మామూలు మనిషికి జరిగేది ఏమిటో ఒక్కొక్కటిగా రాస్తాను.

1. మందు పని చేయకపోతే డాక్టరు మందును అనుమానించరు, రోగిని అనుమానిస్తారు. "బిళ్లలు సరిగ్గా వేసుకుంటున్నావా? ఉప్పు తగ్గించావా?" అని అడుగుతారు, తరువాత మోతాదు పెంచుతారు. మరుసటి నెల మంచి బ్యాచ్ వస్తే పెంచిన మోతాదు పూర్తిగా ఒంటికి పడుతుంది. ముసలివాళ్లు పొద్దున లేచి రెండడుగులు వేసి కళ్లు తిరిగి పడేది ఇలాంటప్పుడే. తుంటి ఎముక విరిగి మంచాన పడితే, దాన్ని ఎవరూ బిళ్ల ఖాతాలో రాయరు.

2. యాంటీబయాటిక్ బిళ్లలో ఉండవలసినంత మందు లేకపోతే జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, లోపలి క్రిములు మాత్రం ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. కూలి మనిషికి దీని అర్థం రెండోసారి డాక్టరు ఫీజు, రెండో కోర్సు మందులు, నాలుగు రోజుల కూలి. ఉచితంగా ఇచ్చిన మందు పనిచేయలేదని ఒకసారి నమ్మినవాడు మళ్లీ ప్రభుత్వ ఆసుపత్రి గుమ్మం తొక్కడు.

3. కాన్పు తరువాత రక్తస్రావం ఆగడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షనును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గోదాము ఫ్రిజ్‌లోంచి తీసిన నమూనా ఎప్పుడూ పాసవుతుంది. కరెంటు పోయే ఊరి ఆసుపత్రి ఫ్రిజ్‌లోంచి తీయని నమూనా గురించి మనకు ఎప్పటికీ తెలియదు. ఆ రాత్రి ఆ మందు పనిచేయకపోతే 108 వచ్చేలోపు ఒక తల్లి పోతుంది.

4. సగటు అంకె పేదవాడి కష్టాన్ని కప్పేస్తుంది. కేంద్రం 2014-16 మధ్య నోయిడాలోని జాతీయ జీవ ఔషధాల సంస్థ ద్వారా దేశవ్యాప్తంగా 47,012 నమూనాలు పరీక్షించింది. ప్రమాణానికి తగ్గ నాణ్యత లేనివి దేశం మొత్తం మీద 3.16 శాతమని తేల్చింది. ఆ ఒక్క అంకె చూసి ఊపిరి పీల్చుకున్నవారున్నారు. కానీ అదే సర్వేలో చిల్లర షాపుల్లో అది 3 శాతం ఉండగా, ప్రభుత్వ సరఫరాలో 10.02 శాతం ఉంది. డబ్బిచ్చి కొనుక్కునేవాడికి వందకు మూడు, కొనలేక ప్రభుత్వాసుపత్రికి వచ్చేవాడికి వందకు పది. షాపులను, ప్రభుత్వ సరఫరా కేంద్రాలను వేరువేరు వర్గాలుగా చూసి, ముందే పథకం వేసుకుని నమూనాలు తీశారు కాబట్టే ఈ తేడా బయటపడింది. నెలవారీ తనిఖీల నుంచి ఇలాంటి తేడా ఎన్నటికీ బయటపడదు.

5. మంచి మందు చేసే కంపెనీకీ అన్యాయం జరుగుతుంది. ఎక్కువగా దొరికే బ్రాండునే ఎక్కువగా పరీక్షిస్తే, ఫెయిలైన జాబితాలో దాని పేరే ఎక్కువసార్లు వస్తుంది.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి.

1. నమూనాలు తీసే చోటును లాటరీతో ఎంచుకోండి. చీటీలు వేసి తీసినట్టు, ప్రతి చోటుకూ ఎంపికయ్యే అవకాశం ఉండాలి. ఇందుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 4905 ఎప్పటినుంచో ఉంది. జాబితా కోసం వెతకవలసిన పని కూడా లేదు. ఏ ఆసుపత్రిలో ఏ మందు ఏ బ్యాచ్ ఎంత నిల్వ ఉందో ఈ-ఔషధి సాఫ్ట్‌వేరులో ఇప్పటికే ఉంది. నెల మొదటి రోజున కంప్యూటరు ఆ జాబితాలోంచి చోటును, బ్యాచ్‌ను యాదృచ్ఛికంగా తీయాలి. ఇన్‌స్పెక్టరు అక్కడికే వెళ్లాలి, అలమారాలో ఏ పెట్టె తెరవాలో కూడా అంకె ప్రకారమే తెరవాలి. అనుమానం వచ్చినచోట తీసే నమూనాలు దీనికి అదనంగా, వేరే ఖాతాలో ఉండాలి. ప్రధాన గోదాములు, ఆరోగ్య కేంద్రాలు, ప్రైవేటు షాపులు, ఏజెన్సీ ప్రాంతాలు వేరువేరు వర్గాలు కావాలి. భద్రాచలం, పాడేరు వైపు ఉన్న ఆరోగ్య కేంద్రం పేరు లాటరీలో వస్తే, దూరమని దాన్ని మార్చకూడదు. దీనికి కొత్త డబ్బు అక్కరలేదు. ఒక మందులో 3 శాతం నాసిరకం ఉంటే, సరిగ్గా ఎంచుకున్న 100 నమూనాల్లో కనీసం ఒక్కటైనా దొరికే అవకాశం 95 శాతం. ఇప్పుడు తీస్తున్నన్ని నమూనాలతోనే ముఖ్యమైన కొన్ని మందుల సంగతి తేల్చవచ్చు. తీసే చోటు మారితే చాలు.

2. ఫెయిలైన వాటి పక్కన పరీక్షించిన వాటి సంఖ్యనూ ప్రకటించండి. నెలనెలా వచ్చే జాబితాలో మందు పేరు, బ్యాచ్ నంబరు, కంపెనీ పేరు, ఫెయిలైన కారణం ఉంటాయి. ఏ జిల్లాలో, ఏ రకమైన చోట, ఆ మందువి మొత్తం ఎన్ని నమూనాలు తీశారో ఉండదు. పదికి రెండు ఫెయిలవడం, వెయ్యికి రెండు ఫెయిలవడం ఒకటి కావు. నమూనా తీసిన రోజునుంచి నివేదిక వచ్చిన రోజుదాకా ఎన్ని రోజులు పట్టిందో కూడా రాయండి, ఎందుకంటే ఆలస్యమైన ప్రతి రోజూ ఆ బిళ్లలను ఎవరో మింగుతూనే ఉంటారు.

3. సిరప్పుల తయారీలో వాడే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్ విషయంలో వర్గమూలం సూత్రాన్ని నిషేధించండి. ప్రతి డ్రమ్మునూ తెరిచి, డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ పరీక్ష చేయాలి. తనిఖీకి వెళ్లిన ఇన్‌స్పెక్టరు కొన్న డ్రమ్ముల సంఖ్యనూ, పరీక్ష నివేదికల సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇది చిన్న కంపెనీకి ఖర్చే. అయినా దీనికి వెసులుబాటు ఇవ్వకూడదని నా దృఢమైన అభిప్రాయం.

4. ప్రభుత్వ కొనుగోలు సంస్థలు సరఫరాదారు చరిత్రను బట్టి పరీక్ష తీవ్రతను మార్చాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2500లో ఈ నియమం స్పష్టంగా ఉంది. వరుసగా వచ్చిన ఐదు లాట్లలో (సరుకు విడతల్లో) రెండు తిరస్కరిస్తే, తరువాతి లాట్లకు కఠిన తనిఖీ మొదలుపెట్టాలి. ఆ కఠిన తనిఖీలో వరుసగా ఐదు నెగ్గితేనే మామూలు తనిఖీకి తిరిగి రావాలి. నేను చదివిన టెండర్ పత్రాల్లో ఈ మాట నాకు కనిపించలేదు. నిరుడు రెండుసార్లు ఫెయిలైన కంపెనీ సరుకుకూ, పదేళ్లుగా ఒక్క మాట పడని కంపెనీ సరుకుకూ ఒకే పరీక్ష పెట్టడం సమానత్వం కాదు.

5. తనిఖీలో కంట్రోల్ చార్టులను అడగండి, అడిగినప్పుడు తెరిచి చూడండి. చార్టు వెనకున్న ముడి అంకెలను, తూకం మెషీన్ ముద్రించిన కాగితంతో పోల్చండి. చుక్కలు మరీ ముచ్చటగా ఉంటే అదే మొదటి అనుమానం కావాలి. అమెరికా నియంత్రణ సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, తయారీ సాగినంతకాలం అంకెలు సేకరించి చూసే పథకాన్ని గణాంక నిపుణుడు గానీ, ఆ విద్యలో తగిన శిక్షణ ఉన్నవారు గానీ రూపొందించాలని సూచించింది. అక్కడికి ఎగుమతి చేసే మన కంపెనీలకు ఆ పని చేయడం చేతనవును. అమెరికా వెళ్లే బిళ్లకు పాటించే లెక్కను మన ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లే బిళ్లకూ పాటించమని అడగండి. ఇన్‌స్పెక్టర్లకు ఈ విద్యలో శిక్షణ ఇవ్వడానికి భారతీయ గణాంక సంస్థ మన ఊళ్లోనే ఉంది. 2009లో కేంద్రం నకిలీ మందుల మీద 24,136 నమూనాలతో చేసిన సర్వేకు పద్ధతి రూపకల్పనలో హైదరాబాద్ కేంద్రం నిపుణులే సాయపడ్డారు.

6. ఒక పరీక్షలో ఫెయిలైతే, కారణం కనుక్కోకుండా మళ్లీ మళ్లీ పరీక్షించి, పాసైన ఫలితాన్నే ఉంచుకోవడాన్ని ఉల్లంఘనగా పరిగణించండి. పాసయ్యేదాకా పరీక్షించడం కుదరదని అమెరికాలో బార్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో 1993లోనే కోర్టు తేల్చింది. ఫెయిలైన ఫలితంతో మంచి ఫలితాలను కలిపి సగటు కట్టడం కూడా అదే కోవలోకి వస్తుంది.

7. వెనక్కి తీసుకున్న సరుకు లెక్క చెప్పండి. ప్రాణహాని ఉన్న మందును గరిష్ఠంగా 72 గంటల్లో వెనక్కి రప్పించాలని కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. ఎన్ని స్ట్రిప్పులు సరఫరా అయ్యాయి, ఎన్ని తిరిగి వచ్చాయి అన్న రెండు అంకెలు ప్రతి రీకాల్‌కూ బయటపెట్టండి. తిరిగి రానివి ఎవరి ఇళ్లలో ఉన్నాయో కనుక్కోవడం ఆశా కార్యకర్తల సాయంతో సాధ్యమే, ఎందుకంటే బీపీ, షుగరు బిళ్లలు ఎవరికి ఇస్తున్నారో వారి దగ్గర పేర్లతో సహా ఉంది.

8. ఫిర్యాదు చేసినవారికి "పాసైంది" అని మాత్రమే చెప్పకండి. నమూనా ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో, ఎన్ని తీశారో రాసి ఇవ్వండి.

ఇది చదువుతున్న ప్రజలకు ఒక్క మాట. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం 26వ సెక్షను ప్రకారం, మందు కొన్న ఎవరైనా గానీ, గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘం గానీ నిర్ణీత రుసుము కట్టి, ఆ మందును ప్రభుత్వ విశ్లేషకుడికి పంపి పరీక్ష చేయించి, సంతకంతో కూడిన నివేదిక పొందవచ్చు. అనుమానం వస్తే స్ట్రిప్పును పారేయకండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న భాగాన్ని కత్తిరించకుండా, మిగిలిన బిళ్లలతో సహా దాచండి. బిల్లు ఉంటే దాన్నీ దాచండి.

అధికారులకు చివరగా నా విన్నపం ఇది. రెండు రాష్ట్రాల్లో ఒక్కో జిల్లాను ఎంచుకుని, వచ్చే మూడు నెలలు నమూనాలను లాటరీ పద్ధతిలో తీయించండి. బీపీ బిళ్లలు, షుగరు బిళ్లలు, పిల్లల సిరప్పులు, ఈ మూడింటితో మొదలుపెట్టండి. ఈ-ఔషధి జాబితా నుంచి ఎంపిక చేసే పట్టికను నేను ఇప్పటికే కంప్యూటరులో తయారుచేసి ఉంచాను, మొదటి వినతిపత్రంతో పాటు దాని ముద్రిత ప్రతిని కూడా పంపాను. పిలిస్తే జీతభత్యాలు ఏమీ లేకుండా వచ్చి, మీ సిబ్బందితో కూర్చుని పని మొదలుపెట్టిస్తాను. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా అవునో కాదో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మందుల తయారీలో నాణ్యతా విభాగం విశ్రాంత ఉద్యోగి,
హైదరాబాద్.